జమోవితో మనస్తత్వ శాస్త్ర డేటా విశ్లేషణ: పది మంది రోగుల నిద్ర లెక్కలతో ఒక ప్రాజెక్టు డైరీ

జూన్, రెండో వారం

డిగ్రీ మొదటి సంవత్సరం మనస్తత్వ శాస్త్ర విద్యార్థులకు గణాంక సాఫ్ట్‌వేర్‌ను చేతితో చేయించి నేర్పే ప్రాక్టికల్ పాఠాలను తెలుగులో సిద్ధం చేయడం ఈ ప్రాజెక్టు ఉద్దేశం. మా తరగతిలో ఇంటర్‌లో హెచ్‌ఈసీ, సీఈసీ చదివి వచ్చినవారే ఎక్కువ. సగటు, మధ్యగతం, బాహుళకం వంటి మాటలు వారికి పరిచయమే కానీ, ఒక కాగితం మీది అంకెలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, వాటిని ఒక ప్రశ్న అడిగి, వచ్చిన జవాబును వాక్యంగా రాసే పని ఇంతవరకు ఎవరూ చేయించలేదు. సూత్రాలు కంఠస్థం చేయించడం కన్నా ఈ మూడు పనులు నేర్పడమే ముఖ్యమని నేను నమ్ముతున్నాను.

ముందుగా తేల్చుకోవలసింది సాఫ్ట్‌వేర్ సంగతి. ఎస్‌పీఎస్‌ఎస్ 1968 నుంచి ఉంది, సామాజిక శాస్త్రాల పరిశోధకులకు అది బాగా అలవాటైన సాధనం. కానీ దాని లైసెన్సుకు డబ్బు కట్టాలి, విద్యార్థి ఇంటికి వెళ్లి తన ల్యాప్‌టాప్‌లో సాధన చేయాలంటే అది అడ్డంకి అవుతుంది. గణాంకాల కోసం చేసిన ప్రోగ్రామింగ్ భాష ఆర్ ఉచితమే, శక్తి కూడా అపారం. అయితే మొదటి సంవత్సరంలోనే కమాండ్లు టైపు చేయమంటే మనసు మనస్తత్వ శాస్త్రం మీద కాక కామాలు, బ్రాకెట్ల మీద పెట్టవలసి వస్తుంది. జాస్ప్, జమోవి రెండూ ఉచితంగా దొరుకుతాయి, రెండింటి సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంటుంది, రెండింటిలోనూ మౌస్‌తోనే పని జరుగుతుంది. నేను జమోవిని ఎంచుకున్నాను. అందులో డేటా పట్టిక, విశ్లేషణ ఫలితం పక్కపక్కనే కనిపిస్తాయి. ఒక అంకె మార్చగానే ఫలితం కూడా కళ్ల ముందే మారుతుంది. లోపల లెక్కలు చేసేది ఆర్ కాబట్టి, పైతరగతులకు వెళ్లాక ఆర్ నేర్చుకోవాలనుకునేవారికి, సింటాక్స్ మోడ్ ఆన్ చేస్తే ప్రతి విశ్లేషణ వెనుక ఉన్న కోడ్ కనిపిస్తుంది కూడా.

జూన్ చివరి వారం

రెండో నిర్ణయం: ఏ డేటాతో మొదలుపెట్టాలి? ఊహించి రాసిన అంకెలు వాడటం నాకు ఇష్టం లేదు. కల్పించిన డేటాలో అన్నీ సాఫీగా కుదురుతాయి. నిజమైన మనుషులను కొలిచినప్పుడు వచ్చే గరుకుదనం అందులో ఉండదు. అందుకని గణాంక శాస్త్ర చరిత్రలోనే పేరుపడ్డ ఒక చిన్న డేటాను తీసుకున్నాను. 1905లో కుష్నీ, పీబుల్స్ అనే ఇద్దరు ప్రచురించిన నిద్ర మందుల ప్రయోగం అది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, కలమజూ పట్టణంలోని మానసిక చికిత్సాలయంలో ఉన్న రోగుల మీద జరిగింది. మందు లేని రాత్రులతో పోలిస్తే మందు తీసుకున్న రాత్రులలో ఎన్ని గంటల నిద్ర అదనంగా వచ్చిందన్నది కొలత.

డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారంలో పనిచేస్తున్న విలియం గాసెట్ 1908లో 'స్టూడెంట్' అనే కలం పేరుతో బయోమెట్రికా పత్రికలో ఒక వ్యాసం రాసి, కొద్దిమందిని మాత్రమే కొలిచినప్పుడు సగటును ఎంతవరకు నమ్మవచ్చో లెక్కించే పద్ధతిని ప్రతిపాదించాడు. ఆ పద్ధతిని చూపించడానికి ఆయన తీసుకున్న ఉదాహరణ ఈ పది మంది రోగుల నిద్రే. నేడు మనం టి పరీక్ష అంటున్నదానికి మూలం ఆ వ్యాసమే. ఈ డేటా ఆర్‌లో 'స్లీప్' అనే పేరుతో ముందే ఉంటుంది కాబట్టి ఎవరైనా తీసి సరిచూసుకోవచ్చు. స్టూడెంట్ వ్యాసంలో మందుల పేర్లు తప్పుగా పడ్డాయని తర్వాతి పరిశోధకులు చూపించారు. అందువల్ల మేము మందు 1, మందు 2 అనే పిలుస్తాము.

ఒక విషయం మొదటి పాఠంలోనే చెప్పాలని నిశ్చయించుకున్నాను. ఆ పది మంది ఎవరో మనకు తెలియదు, పట్టికలో వారు కేవలం ఒకటి నుంచి పది వరకు వరుస సంఖ్యలు. తెలిసి ఇచ్చిన అంగీకారం లేనిదే ఎవరి మీదా ప్రయోగం చేయకూడదన్న నేటి నియమం ఆనాటికి ఇంకా స్థిరపడలేదు. ఈ అంకెలను ముట్టుకునే ముందు విద్యార్థులు ఆ సంగతి గుర్తు చేసుకోవాలి. డేటా అంటే మనుషులే.

జులై మొదటి వారం

ఆ పది వరుసలు ఇవి. మందు 1తో అదనపు నిద్ర గంటలలో: 0.7, -1.6, -0.2, -1.2, -0.1, 3.4, 3.7, 0.8, 0.0, 2.0. అదే రోగులకు అదే వరుసలో మందు 2తో: 1.9, 0.8, 1.1, 0.1, -0.1, 4.4, 5.5, 1.6, 4.6, 3.4. రుణ సంఖ్య అంటే మందు లేనప్పటికన్నా నిద్ర తగ్గిందని అర్థం.

ఫైలు దిగుమతి చేయించకుండా, ఈ ఇరవై అంకెలనూ విద్యార్థుల చేతే టైపు చేయించాలని అనుకున్నాను. ఒక్కో అంకె వేలికొసల మీదుగా వెళ్లినప్పుడే, అయిదో రోగికి ఏ మందూ పనిచేయలేదని, ఏడో రోగికి రెండూ బాగా పనిచేశాయని గమనిస్తారు. ల్యాబ్‌లో మొదటి సారి చేయించినప్పుడు అచ్చంగా అలాగే జరిగింది. ఎనిమిదో వరుసకు వచ్చేసరికి ఒక అమ్మాయి, "సార్, ఈ మందుకు ఎక్కువ నిద్రపోయినవాళ్లే ఆ మందుకు కూడా ఎక్కువ పోతున్నారు కదండీ" అంది. రాబోయే పాఠానికంతటికీ మూలం ఆ గమనికే కనుక, ఆ మాటను బోర్డు మీద ఒక మూల రాయించి, చెరిపేయవద్దని చెప్పాను.

జమోవిలో ప్రతి కాలమ్ పేరు పక్కన ఒక చిన్న బొమ్మ ఉంటుంది. స్కేలు బొమ్మ ఉంటే అది కొలిచిన సంఖ్య, మూడు వలయాల బొమ్మ ఉంటే అది పేరు లేదా వర్గం. విద్యార్థులు విశ్లేషణకు వెళ్లే ముందు చూడవలసింది ఈ బొమ్మనే. కొందరు అంకెలను వర్డ్ ఫైలులో రాసుకుని తెచ్చి అతికించారు. వర్డ్‌లో కొన్నిచోట్ల మైనస్ గుర్తు కాస్తా పొడవాటి గీతగా మారిపోయి ఉంది. మన కంటికి రెండూ ఒకటే. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం పొడవాటి గీత ఉన్న గడి సంఖ్య కాదు, అక్షరం. దానితో ఆ కాలమ్ మొత్తానికి వలయాల బొమ్మ పడింది, సగటు అడిగితే రాలేదు. గీతను తీసి కీబోర్డు మీది మైనస్‌తో మళ్లీ కొట్టి, డేటా రకాన్ని సంఖ్యగా మార్చాక సర్దుకుంది. పాఠపు కాగితంలో ఈ సూచనను మొదటి పేజీలోనే పెట్టాను.

రోగి సంఖ్య ఉన్న కాలమ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అందులో 1 నుంచి 10 వరకు అంకెలే ఉన్నా అవి కొలతలు కావు, గుర్తింపు మాత్రమే. జమోవిలో ఐడీ అనే ప్రత్యేక రకం ఇందుకే ఉంది. హాల్ టికెట్ నంబర్లకు సగటు తీయడంలో అర్థం లేనట్లే రోగి సంఖ్యకూ సగటు తీయడంలో అర్థం లేదని చెప్పగానే అందరికీ బోధపడింది.

జులై మధ్యలో

వివరణాత్మక గణాంకాలకు ఒక తరగతి సరిపోయింది. ఎక్స్‌ప్లొరేషన్‌లో డిస్క్రిప్టివ్స్ తెరిచి, రెండు మందుల కాలమ్‌లనూ కుడి పెట్టెలోకి పంపితే పట్టిక వచ్చేస్తుంది. మందు 1కి సగటు 0.75, మధ్యగతం 0.35, ప్రామాణిక విచలనం (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 1.79, మందు 2కి సగటు 2.33, మధ్యగతం 1.75, ప్రామాణిక విచలనం 2.00. రెండు చోట్లా సగటు మధ్యగతం కన్నా ఎక్కువగా ఉందంటే, కొందరికి పడ్డ పెద్ద విలువలు సగటును పైకి లాగుతున్నాయని అర్థం. సగటులు 0.75, 2.33 అని చూడగానే "మందు 2 మంచిది" అని రాసేయడానికి చాలామంది సిద్ధపడ్డారు. ప్రామాణిక విచలనం రెండింటికీ రెండు గంటల చుట్టూ ఉండగా, తేడా గంటన్నర మాత్రమేనని చూపించి, అంత తొందర వద్దని ఆపాను.

బొమ్మల దగ్గర ఎక్కువ సమయం గడపాలన్నది నా పట్టుదల. బాక్స్ ప్లాట్ (విలువలలో మధ్య సగాన్ని ఒక పెట్టెగా చూపే బొమ్మ) గీసి, దాని మీద డేటా చుక్కలు కూడా కనిపించేలా పెట్టమన్నాను. పది మంది ఉన్నచోట పెట్టె ఒక్కటే చూపిస్తే పది మందీ అందులో దాగిపోతారు. చుక్కలు చూపిస్తే ఒక్కొక్కరూ కనిపిస్తారు. అయినా ఈ బొమ్మలో ఒక లోటు ఉంది: ఎడమవైపు ఉన్న ఏ చుక్క కుడివైపు ఉన్న ఏ చుక్కకు చెందినదో తెలియదు. అందుకని గ్రాఫ్ కాగితాలు పంచి, ప్రతి రోగికీ రెండు చుక్కలు పెట్టి వాటిని గీతతో కలపమన్నాను. పది గీతలలో తొమ్మిది పైకి వెళ్లాయి. అయిదో రోగి గీత మాత్రం అడ్డంగా ఉంది. కిందికి దిగిన గీత ఒక్కటీ లేదు. ఏ సాఫ్ట్‌వేరూ ఇంకా ఏ పరీక్షా చేయకముందే, ప్రశ్నకు జవాబు ఎటువైపు ఉందో ఆ కాగితం మీద తెలిసిపోయింది.

జులై చివరి వారం

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం ఇది. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను.

ఒకే డేటాను రెండు రూపాలలో రెండు ఫైళ్లుగా తయారు చేశాను. మొదటిది పొడవు రూపం: ఇరవై వరుసలు, ఒక కాలమ్‌లో నిద్ర గంటలు, ఇంకొక కాలమ్‌లో మందు 1 లేదా 2, మూడో కాలమ్‌లో రోగి సంఖ్య. ఆర్‌లో ఈ డేటా ఉండేది ఈ రూపంలోనే. రెండోది వెడల్పు రూపం: పది వరుసలు, ఒక్కో వరుస ఒక్కో రోగి, మందు 1కి ఒక కాలమ్, మందు 2కి ఒక కాలమ్.

సగం తరగతికి మొదటి ఫైలు, మిగతా సగానికి రెండో ఫైలు ఇచ్చి, "రెండు మందుల మధ్య తేడా ఉందా?" అనే ఒకే ప్రశ్న అడిగాను. పొడవు రూపం ఉన్నవారికి టి టెస్ట్స్ కింద ఇండిపెండెంట్ శాంపిల్స్ సహజంగానే సరిపోతుంది, ఎందుకంటే అది ఒక కొలత కాలమ్‌ను, ఒక వర్గ కాలమ్‌ను అడుగుతుంది, ఆ రెండూ ఫైలులో ఉన్నాయి. వారికి వచ్చిన ఫలితం: టి విలువ 1.86, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (లెక్కలో స్వేచ్ఛగా మారగల విలువల సంఖ్య) 18, పి విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకన్నా పెద్ద తేడా యాదృచ్ఛికంగా కనిపించే సంభావ్యత) 0.079. రెండు వైపులా విస్తరణ సమానమని అనుకోని వెల్చ్ పద్ధతిని ఎంచుకుంటే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 17.8కి తగ్గుతుంది కానీ పి విలువ మారదనే చెప్పాలి. మామూలుగా పెట్టుకునే 0.05 హద్దు ప్రకారం శూన్య పరికల్పనను, అంటే తేడా లేదన్న ఊహను, తోసిపుచ్చలేమని వారు రాశారు.

వెడల్పు రూపం ఉన్నవారు పెయిర్డ్ శాంపిల్స్‌కు వెళ్లారు. వారికి టి విలువ 4.06, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 9, పి విలువ 0.003. తేడా స్పష్టంగా ఉందని వారు రాశారు. (ఏ కాలమ్‌ను ముందు పెట్టామన్నదాన్ని బట్టి టి ముందు మైనస్ రావచ్చు, రాకపోవచ్చు, దాని గురించి కంగారు పడవద్దని ముందే చెప్పి ఉంచాను.)

అవే ఇరవై అంకెలు, అదే సాఫ్ట్‌వేర్, అదే సగటు తేడా 1.58 గంటలు. ఒక గదిలో రెండు వ్యతిరేకమైన జవాబులు. కంప్యూటర్ తప్పు చేసిందా అని కొందరు అడిగారు. లెక్క రెండు చోట్లా సరైనదే. మొదటి పరీక్షకు మనం ఇచ్చిన సమాచారం ఏమిటంటే, ఇరవై మంది వేరువేరు మనుషులు ఉన్నారని, పది మందికి ఒక మందు, మిగతా పది మందికి ఇంకో మందు ఇచ్చారని. అది నిజం కాదు. సాఫ్ట్‌వేర్ కలమజూలో ఎవరిని కొలిచారో చూడలేదు, మనం చెప్పిందే నమ్ముతుంది. ఈ డేటాకు ఆర్‌లో ఉన్న సహాయ పుట కూడా, గ్రూప్ అన్న కాలమ్ పేరు తప్పుదారి పట్టించవచ్చని, ఇవి పది మంది మనుషుల కొలతలే కానీ విడి సమూహాలు కావని హెచ్చరిస్తుంది.

తేడా ఎక్కడ పుట్టిందో చేతి లెక్కతో చూపించాను. టి విలువ అంటే సగటుల తేడాను దాని ప్రామాణిక దోషంతో (ఆ తేడా అంచనాలో ఉన్న అనిశ్చితి కొలతతో) భాగించగా వచ్చేది. మొదటి పద్ధతిలో ప్రామాణిక దోషం 0.85. అందులో మందుల ప్రభావానికి సంబంధం లేని గందరగోళం చాలా కలిసి ఉంది: కొందరు ఏ మందుకైనా బాగా నిద్రపోతారు, కొందరు దేనికీ పోరు. రెండో పద్ధతి ముందుగా ప్రతి రోగికీ తేడా తీస్తుంది: 1.2, 2.4, 1.3, 1.3, 0.0, 1.0, 1.8, 0.8, 4.6, 1.4. ఏ రోగి నిద్ర స్వభావం ఎలాంటిదన్నది ఈ తీసివేతలో కొట్టుకుపోతుంది. మిగిలిన తేడాల ప్రామాణిక విచలనం 1.23, ప్రామాణిక దోషం 0.39. హారం సగానికన్నా తగ్గింది కనుక టి రెట్టింపును మించింది.

ఇంత మార్పు రావడానికి కారణం రెండు కాలమ్‌ల మధ్య ఉన్న సహసంబంధం, అంటే ఒకదానిలో ఎక్కువ ఉన్నవారికి రెండోదానిలోనూ ఎక్కువ ఉండే ధోరణి. జమోవిలో రిగ్రెషన్ కింద కోరిలేషన్ మాట్రిక్స్ తీస్తే అది 0.795. ఎనిమిదో వరుస దగ్గర ఆ అమ్మాయి గమనించింది ఇదే. బోర్డు మూలన ఉన్న ఆమె వాక్యం పక్కన ఈ అంకెను రాయించాను.

నా అభిప్రాయంలో ప్రాథమిక మనస్తత్వ శాస్త్రంలో ఏ పరీక్ష ఎప్పుడు వాడాలో చూపే పెద్ద పట్టికలను బట్టీ పట్టించడం కన్నా ఒక్క ప్రశ్న అలవాటు చేయడం మేలు: ఈ పట్టికలో ఒక వరుస అంటే ఎవరు? ఆ ప్రశ్నకు జవాబు ప్రయోగం జరిగిన గదిలో ఉంటుంది, మెనూలో ఉండదు.

ఆగస్టు మొదటి వారం

విద్యార్థులు తమంతట తాము చేసిన ఒక పని నుంచి ఇంకో పాఠం పుట్టింది. వన్ శాంపిల్ టి పరీక్షతో ఒక్కో మందునూ సున్నాతో పోల్చి చూశారు. మందు 1కి టి 1.33, పి 0.218, మందు 2కి టి 3.68, పి 0.005. "ఒకటి సార్థకం (పి 0.05 కన్నా తక్కువ), ఇంకోటి కాదు, కాబట్టి రెండూ వేరు" అన్నది వారి వాదన. చదవడానికి సబబుగానే కనిపించే ఈ వాదన చెల్లదు. ఒకదాని పి విలువ 0.04, ఇంకోదానిది 0.06 అయితే, ఆ రెండూ దాదాపు ఒకే ప్రభావం చూపుతున్నా ఈ తర్కం ప్రకారం వేరనే అనాలి. రెండింటి మధ్య తేడా ఉందా అని తెలుసుకోవాలంటే తేడానే పరీక్షించాలి. ఇక్కడ జోడీ పరీక్షలో కూడా తేడా ఉందనే వచ్చింది కాబట్టి ముగింపు ఒకటే అయింది. దారి మాత్రం సరైనది కాదని పట్టుబట్టి చెప్పాను, ఎందుకంటే ఇంకో డేటాలో ఆ దారి వేరే చోటికి తీసుకెళుతుంది.

ఆగస్టు, రెండో వారం

తొమ్మిదో రోగి దగ్గర ఆగవలసి వచ్చింది. మందు 1తో ఏ మార్పూ లేదు, మందు 2తో 4.6 గంటల అదనపు నిద్ర. మిగిలినవారి తేడాలు సున్నా నుంచి 2.4 లోపు ఉంటే ఈయన తేడా ఒక్కటే దూరంగా పడింది. జోడీ పరీక్షలో నార్మాలిటీ చెక్‌బాక్స్ పెడితే షపీరో-విల్క్ పరీక్ష పి విలువ 0.033 వచ్చింది. అంటే తేడాల విస్తరణ నార్మల్ వక్రపు ఆకారానికి (గుడి గంటను పోలిన ఆకారానికి) దూరంగా ఉందన్న హెచ్చరిక. విలువలు ఆ ఆకారానికి ఎంత దగ్గరగా ఉన్నాయో ఒక గీతతో పోల్చి చూపే క్యూ-క్యూ ప్లాట్‌లో తొమ్మిది చుక్కలు గీతను అంటిపెట్టుకుని నడుస్తుంటే చివరి చుక్క ఒక్కటే పైకి లేచి ఉంది.

"ఆ ఒక్కరినీ తీసేద్దాం సార్" అన్న మాట వెంటనే వచ్చింది. తీసేస్తే ఏమవుతుందో ముందు ఊహించి కాగితం మీద రాయమన్నాను. మందు 2 వైపు అంత బలంగా లాగుతున్న మనిషిని తీసేస్తే టి విలువ తగ్గుతుందని దాదాపు అందరూ రాశారు. జమోవి ఫిల్టర్‌తో తొమ్మిదో వరుసను పక్కన పెట్టగానే ఆ వరుస ఎదుట గుర్తు మారింది, కుడివైపు ఫలితం తిరిగి లెక్క అయింది. సగటు తేడా 1.58 నుంచి 1.24కి తగ్గింది, అనుకున్నట్లే. టి మాత్రం 4.06 నుంచి 5.66కి పెరిగింది.

గది కాసేపు సందడిగా మారింది. ఆ ఒక్క విలువ సగటును పెంచుతున్నా, అంతకన్నా ఎక్కువగా ప్రామాణిక విచలనాన్ని పెంచుతోంది; ఆయన లేకపోతే 1.23 ఉన్న విచలనం 0.66కి పడిపోతుంది. లవం కొంచెమే తగ్గింది, హారం చాలా తగ్గింది. సూత్రాన్ని ఎన్నిసార్లు బోర్డు మీద రాసినా ఇంత గట్టిగా పట్టుబడేది కాదని నేను అనుకుంటున్నాను.

అయినా తొమ్మిదో రోగిని తీసేయకూడదన్నదే మేము తీసుకున్న నిర్ణయం. ఆ అంకె పొరపాటున పడిందనడానికి ఆధారమేదీ లేదు. కొందరికి ఒక మందు అసలు పనిచేయక, ఇంకోటి బాగా పనిచేయడం వైద్యంలో చూసేదే, అది ఈ ప్రయోగం చెప్పే విషయంలో భాగం. ఫలితం నచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి మనుషులను పట్టికలోంచి తీసేయడం అలవాటైతే, ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు. బదులుగా, ఆ నార్మల్ ఆకారం మీద ఆధారపడని విల్కాక్సన్ పరీక్షను కూడా పక్కన చేసి చూశాము. దాని పి విలువ 0.009. అయిదో రోగి తేడా సున్నా కాబట్టి ఆ జోడీ లెక్కలోకి రాలేదన్న గమనిక కూడా ఫలితం కింద కనిపించింది. రెండు పద్ధతులూ ఒకే వైపు చూపిస్తున్నాయని నివేదికలో రాయడం నిజాయితీ గల మార్గం.

ఆగస్టు చివరి వారం

ప్రభావ పరిమాణం (తేడా ఎంత పెద్దదో చెప్పే కొలత) దగ్గర ఒక చిక్కు ఉంది, దానిని పాఠంలో విడిగా పెట్టాను. ఎఫెక్ట్ సైజ్ చెక్‌బాక్స్ పెడితే జమోవి కోహెన్ డి ఇస్తుంది. ఇండిపెండెంట్ పరీక్షలో అది 0.83, పెయిర్డ్ పరీక్షలో 1.28. పేరు ఒకటే, భాజకం వేరు: మొదటిదానిలో ఒకే మందు తీసుకున్న వేరువేరు మనుషుల మధ్య వ్యత్యాసంతో భాగిస్తాము, రెండోదానిలో తేడాల వ్యత్యాసంతో. జాకబ్ కోహెన్ 0.2 చిన్నది, 0.5 మధ్యస్థం, 0.8 పెద్దది అని సూచించిన కొలబద్దను ఏ డి మీద పెడుతున్నామో చెప్పకుండా "చాలా పెద్ద ప్రభావం" అని రాయడం సరికాదు. ఇటువంటి చోట గంటలలోనే చెప్పడం మేలని నాకు అనిపిస్తుంది. గంటన్నర అదనపు నిద్ర అంటే ఏమిటో చదివే ఎవరికైనా తెలుసు.

నివేదిక వాక్యం రాయించడానికి అనుకున్న దానికన్నా ఎక్కువ సమయం పట్టింది, పట్టాలి కూడా. ఫలితాల పట్టికను స్క్రీన్‌షాట్ తీసి అతికించడాన్ని నేను ఒప్పుకోలేదు. కొన్ని చిత్తు ప్రతుల తర్వాత తరగతి అంతా కలిసి స్థిరపరచిన వాక్యం ఇది: "పది మంది రోగులలో మందు 1 కన్నా మందు 2తో సగటున 1.58 గంటలు ఎక్కువ నిద్ర వచ్చింది (95 శాతం విశ్వాస అంతరం 0.70 నుంచి 2.46 గంటలు); జోడీ టి పరీక్షలో టి(9) = 4.06, పి = 0.003."

ఈ వాక్యంలో మొదట మనుషులు, తర్వాత గంటలు, ఆ తర్వాత అనిశ్చితి, చివర్న పి విలువ. ఆ వరుస కావాలనే పెట్టాము. పి విలువ 0.003 అంటే మందు 2 మెరుగైనది కావడానికి 99.7 శాతం అవకాశం ఉందని కాదు. రెండు మందులకూ నిజంగా తేడా లేదనుకుంటే ఇంత లేదా ఇంతకన్నా పెద్ద తేడా యాదృచ్ఛికంగా కనిపించే సంభావ్యత అది. ఈ పొరపాటు అర్థం ఎంత సహజంగా వస్తుందంటే, స్టూడెంట్ తన 1908 వ్యాసంలోనే రెండో మందు మెరుగైన నిద్ర మందు అనడానికి దాదాపు 666కు 1 చొప్పున పందెం కాయవచ్చన్న ధోరణిలో ఫలితం చెప్పాడు. ఆయన కాలానికి ఆ చెప్పే పద్ధతి ఆయనది. మన విద్యార్థులు మాత్రం నేటి పి విలువను నేటి అర్థంలోనే చదవాలి.

విశ్వాస అంతరం, అంటే అసలు తేడా ఏ హద్దుల మధ్య ఉండవచ్చో చెప్పే అంచనా, దాని మీద కూడా కొంతసేపు నిలిచాము. 0.70 నుంచి 2.46 అంటే నలభై నిమిషాల నుంచి దాదాపు రెండున్నర గంటల వరకు. తేడా ఉందని చెప్పగలుగుతున్నాము కానీ ఎంతన్నది పది మంది మీద ఇంతకన్నా బిగించి చెప్పలేము.

సెప్టెంబర్ మొదటి వారం

తర్వాతి దశ విద్యార్థులు తమ సొంత డేటా సేకరించడం. జాన్ రిడ్లీ స్ట్రూప్ 1935లో ప్రచురించిన రంగుల ప్రయోగాన్ని తెలుగు మాటలతో చేయబోతున్నాము. ఆయన రెండో ప్రయోగంలో వంద మంది విద్యార్థులు వంద రంగు ముక్కల రంగులు చెప్పడానికి సగటున 63.3 సెకన్లు పట్టగా, వేరే రంగు పేరు రాసి ఉన్న వంద మాటల సిరా రంగు చెప్పడానికి 110.3 సెకన్లు పట్టింది. ఎర్ర సిరాతో 'నీలం' అని రాసి ఉంటే కన్ను ముందు మాటను చదివేస్తుంది, నోరు రంగు చెప్పడానికి ఆలస్యం అవుతుంది. మా కార్డుల మీద ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు అనే నాలుగు మాటలు ఉంటాయి.

కార్డులు అచ్చు వేయకముందే డేటా పట్టిక రూపం గీయమన్నాను. విద్యార్థులు వేసిన పట్టికలో ఒక వరుస అంటే ఒక మనిషి. మొదటి కాలమ్‌లో సంఖ్య మాత్రమే, పేరు ఉండదు. రెండో కాలమ్‌లో ఏ కార్డు ముందు చూపించారన్నది. సగం మందికి రంగు ముక్కలు ముందు, మిగతా సగానికి మాటలు ముందు, ఎందుకంటే రెండోసారికి వచ్చే అలవాటు లేదా అలసట ఒక్క వైపే చేరకూడదు. మూడో కాలమ్‌లో రంగు ముక్కల సమయం, నాలుగో కాలమ్‌లో మాటల సమయం, రెండూ సెకన్లలో. అయిదో కాలమ్‌లో చేసిన పొరపాట్ల లెక్క. రంగులు వేరుపరచడంలో ఇబ్బంది ఉన్నవారికి ఈ పని అప్పగించకూడదు కాబట్టి అంగీకార పత్రంలోనే ఆ సంగతి అడుగుతున్నాము.

విశ్లేషణ ప్రణాళికను కూడా డేటా రాకముందే కాగితం మీద రాసి సంతకాలు పెట్టి బీరువాలో పెట్టాము: పెయిర్డ్ శాంపిల్స్ టి పరీక్ష, దానితోపాటు విల్కాక్సన్, తేడాల చుక్కల బొమ్మ, సెకన్లలో తేడా, దాని విశ్వాస అంతరం. స్టాప్‌వాచ్ నొక్కడం మరిచిపోవడం, మధ్యలో ఎవరైనా తలుపు తట్టడం వంటి కారణాలున్న వరుసలను మాత్రమే తీసేస్తాము, అదీ ఆ క్షణంలోనే కారణం రాసి ఉంచితేనే. దసరా సెలవుల ముందు కార్డులు సిద్ధమవుతాయి; సేకరణ ఆ తర్వాత మొదలవుతుంది.